ముంచితే మోసమా?

మన భాషలో 'ముంచడం' అనే మాటకి మంచి పేరు లేదు. "వాడు మమ్మల్ని నిలువునా ముంచాడొదినా" అని ఎవరైనా అన్నారంటే, ఆ వాడు చీటీలు కట్టించుకున్నవాడా, చుట్టరికం కలుపుకొచ్చి అప్పు పట్టుకుపోయినవాడా అన్నదొక్కటే మనకి మిగిలే సందేహం. ఇంగ్లండులో కూడా ముంచడానికీ మోసానికీ ఇంత దగ్గర సంబంధం వుంటుందనీ, అదీ బొటనవేలంత బొమ్మల దగ్గర బయటపడుతుందనీ నేను కలలో కూడా అనుకోలేదు. బయటపడింది. ఆరోజు చాలినంత ఇంగ్లీషు నోట పలక్క దిగమింగుకున్న జవాబు ఇప్పుడు తెలుగులో చెప్తున్నాను. వినాల్సిన పెద్దమనిషికి తెలుగు రాదు. పోనీ, మీరైనా వినండి.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళుందామని నాటింగ్‌హామ్ వెళ్ళాను. రాబిన్‌హుడ్ వూరు కదా అని ఏమేమో వూహించుకుని వెళ్ళానుగానీ, మా మనవడి దృష్టిలో ఆ వూరి గొప్ప రాబిన్‌హుడ్‌దీ కాదు, అతని బాణాలదీ కాదు. వార్‌హామర్ అనే ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ వున్న వూరది. పెద్ద బల్లమీద గుట్టలూ, కూలిన గోడలూ అమర్చి, ఇటో సైన్యాన్నీ అటో సైన్యాన్నీ నిలబెట్టి, టేపుతో కొలిచి బొమ్మల్ని జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. 1983లో మొదలైంది. 1987లో, నలభైవేలో సంవత్సరం నాటికి ఆకాశంలో జరగబోయే యుద్ధాలంటూ దానికో చెల్లెల్ని కన్నారు. మా వాళ్ళింట్లో ఆడేది ఈ చెల్లెలి ఆట.

ఇందులో తమాషా ఏమిటంటే బొమ్మల్ని బొమ్మల్లా అమ్మరు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి చేతులూ కాళ్ళూ తలకాయలూ విడివిడిగా అంటుకుని వుంటాయి. వాటిని కత్తిరించి, చెక్కి, అతికించి, రంగులు మనమే వేసుకోవాలి. "ఇంత డబ్బుపోసి కొనుక్కుని చాకిరీ కూడా మనమే చేసుకోవడమేమిటి బాబూ?" అని అడిగాను. "అదే అత్తయ్యగారూ అసలు సరదా" అన్నాడు మా అల్లుడు. ఇంట్లో చాకిరీ సరదాగా కనిపించిన మగవాణ్ణి చూడడం నాకదే మొదలు. సంతోషించాను.

మా అల్లుడు మంచివాడు. ఇది నేను మొహమాటానికి చెప్పడం లేదు. గిన్నెలు తోముతాడు, మా అమ్మాయికి రాత్రి డ్యూటీ వున్నప్పుడు వంట కూడా చేస్తాడు. ఆదివారం భోజనాలయ్యాక మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడంటే ఇక అతను అతను కాదు. భూతద్దం బిగించిన దీపం, సూదిమొనలాంటి కుంచె, ఓ పింగాణీ పళ్ళెంలో ఆవగింజంతేసి రంగుచుక్కలు. ముందు పునాది రంగు. దానిమీద అసలు రంగు. సందుల్లో ముదురు రంగు. మిట్టలమీద లేత రంగు. కవచం అంచులకి ఇంకా లేతరంగుతో వెంట్రుకవాసి గీత. చివర కళ్ళు. ఆ కళ్ళు పెట్టేటప్పుడు కుక్కరు కూత వెయ్యకూడదు, నేను తుమ్మకూడదు. అంతాచేసి నాకు చూపిస్తే, నిజం చెప్పొద్దూ, ఆ బొమ్మ మొహంలో కోపం కూడా కనిపించింది. గోరంత మొహంలో అంత కోపం తెప్పించినవాణ్ణి కాదనడానికి నేనెవర్ని?

కాదంటున్నది అతని పనితనాన్ని కాదు. లెక్కని.

2020లో, ఎవరూ గడప దాటని రోజుల్లో, మా అల్లుడు రెండు సైన్యాలున్న పెట్టె ఒకటి కొన్నాడు. నీలం కవచాలవాళ్ళు తండ్రికి. నెక్రాన్లని, ఇనుప అస్థిపంజరాలు, కొడుక్కి. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. తర్వాత ఇంకో పెట్టె, ఇంకో పెట్టె కొని, చెరో నలభైమందిని చేశారు. ఇద్దరూ రంగులు వేసేసుకుని యుద్ధం మొదలుపెట్టాలని ఒప్పందం. రంగు వెయ్యని బొమ్మ బల్ల ఎక్కకూడదన్నది ఆ ఇంటి నియమం. ఇంటి నియమమే అనుకున్నానుగానీ కంపెనీవారిదీ దాదాపు అదే దారి. 2020లో వచ్చిన తొమ్మిదో కూర్పు నిబంధనల్లో, సైన్యానికంతా కనీసపు రంగులన్నా వేసుకొచ్చినవాడికి నూటికి పది పాయింట్లు ముందే రాసిచ్చారు. నేను వెళ్ళేనాటికి మూడేళ్ళయింది. తండ్రివి ఏడు బొమ్మలు పూర్తయ్యాయి. కొడుకువి సున్నా, ఎందుకంటే "నాది అవగానే పక్కన కూచోపెట్టుకుని నీకు నేర్పుతా, తొందరపడి పాడుచేసుకోకు" అని తండ్రి మాటిచ్చాడు. ఆడిన యుద్ధాలు కూడా సున్నా. అటకమీద చూస్తే సీలు కూడా తియ్యని పెట్టెలు మరో నాలుగు, వాటిలో ఒకటి పచ్చ రాక్షసులది, 2016లో కొన్నదట. ఇలా పేరుకుపోయిన పెట్టెల్ని ఆ ఆటగాళ్ళే 'సిగ్గుల గుట్ట' అని పిలుచుకుంటారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ నిజాయితీ మెచ్చుకోవాలి.

నేను గుమస్తా కూతుర్ని. ఓ రాత్రి నిద్రపట్టక లెక్క కట్టాను. మూడేళ్ళకి ఏడు బొమ్మలైతే మిగిలిన ముప్పైమూడు బొమ్మలకి పద్నాలుగేళ్ళు. అప్పటికి మనవడికి ఇరవయ్యారు. వాడికి సంబంధాలు చూస్తూ వుంటాం. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీలు తాగుతూంటే తండ్రీకొడుకులు బల్లమీద యుద్ధం మొదలుపెడతారన్నమాట.

వాడి స్నేహితుడి అన్నయ్య ఎవరో డిప్పు సంగతి చెప్పాడు. డిప్పంటే ముంచడమే. బొమ్మకి ఎక్కడికక్కడ పైపై రంగులు శుభ్రంగా వేసేసి, గోధుమరంగో నలుపో కలిసిన వార్నిష్‌లో ముంచి తీస్తారు. వార్నిష్ జారి సందుల్లో చేరుతుంది, మిట్టలమీద పల్చబడుతుంది. దాంతో నీడా వెలుగూ వాటంతటవే ఏర్పడతాయి. ఇది మొదట అమెరికాలో బల్లలకీ కుర్చీలకీ పూసే రంగు వార్నిష్ డబ్బాలతో చేసేవాళ్ళు. తర్వాత డెన్మార్కుకి చెందిన ఆర్మీ పెయింటర్ అనే కంపెనీ బొమ్మల కోసమే క్విక్‌షేడ్ అని లేతదీ, ముదురుదీ, మరీ ముదురుదీ మూడురకాల డబ్బాలు తెచ్చింది. మనవడు పుట్టినరోజు డబ్బులతో ఓ డబ్బా కొనుక్కొచ్చి మంచంకింద దాచాడు. నన్ను సాక్షిగా పెట్టుకున్నాడు. సాక్షి అన్నాడుగానీ, తీరా చూస్తే కూలి.

ఆ పని మీకు వివరంగా చెప్తాను. ఎందుకంటే దీన్ని 'పని కాదు' అన్నవాళ్ళలో చాలామంది ఈ పని చేసి ఎరగరు.

పెరట్లో ఓ అట్టపెట్టె బోర్లించి, దానిమీద నలభై అస్థిపంజరాల్నీ నిలబెట్టి, స్ప్రే డబ్బాతో వెండిరంగు కొట్టాడు. మూలమూలలకీ అందాలని అట్టని నాలుగువైపులా తిప్పుతూ పట్టుకోవడం నా వంతు. ఆరాక, తుపాకీలకి నలుపూ, తుపాకీ లోపలి మెరుపుకి పచ్చా చిన్న కుంచెతో వేశాడు. నలభై తుపాకీలండీ! గీత దాటితే తుడిచి మళ్ళీ వేశాడు. రంగులు కాస్త లేతగానే వెయ్యాలి, ముంచాక ఎటూ ముదురుతాయి. అలా నాలుగు సాయంత్రాలు. ఆ రంగులు పూర్తిగా ఆరాకనే ముంచాలి, లేకపోతే అన్నీ కలిసి పులుసైపోతాయి.

శనివారం డబ్బా మూత తీశాం. వార్నిష్‌ని ఆడించకూడదు, బుడగలొస్తాయి. పుల్లతో నిదానంగా కలపాలి, జీళ్ళపాకం కలిపినట్టు. వాసన మాత్రం పాకంలాంటిది కాదు. తల దిమ్మెక్కిస్తుంది. మీ పిల్లలు ఈ పని చేస్తామంటే ఇంట్లో చెయ్యనివ్వకండి, గాలి ఆడేచోట కూర్చోపెట్టండి. పట్టకారుతో బొమ్మని పాదాల దగ్గర పట్టుకుని తలకిందులుగా ముంచి, పైకితీసి, కారనిచ్చి, ఆపైన అట్టపెట్టెలోకి గట్టిగా విదిలించాలి. విదిలించకపోతే గడ్డంకింద చెరువు నిలుస్తుంది. మొదటి బొమ్మని వాడు విదిలించిన విదిలింపుకి నా వెంకటగిరి చీరమీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి. పద్దెనిమిది. లెక్కపెట్టాను. అవి కుంచెలు కడిగే స్పిరిట్‌కీ పోలేదు, నా ఏడుపుకీ పోలేదు.

పది బొమ్మలయ్యాక పద్ధతి మార్చాం. పాత లావుకుంచెతో వార్నిష్ పులిమి, తుడిచిన ఇంకో కుంచెతో గుంటల్లో నిలిచినదాన్ని ఒత్తి తీసెయ్యడం. ఇప్పుడు చాలామంది ఇలాగే చేస్తారట. పేరుకి ముంచడం, పనికి పుయ్యడం. ఒకరోజు పైగా ఆరనిచ్చాం. గులాబ్‌జాముల్లా నిగనిగలాడుతూ వచ్చాయి. ఆ నిగనిగ పోవడానికి మెరుపు చంపే వార్నిష్ ఇంకోటి కొట్టాలి. అది తడిగాలిలో కొడితే బొమ్మమీద తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. ఇంగ్లండులో తడిలేని గాలి కోసం నాలుగు రోజులు కాచుకున్నాం.

ఐదోరోజు చూడాలి! మన ఇంట్లో పాతకాలపు ఇత్తడి కుందులుంటాయే, చింతపండుతో తోమినప్పుడు మిట్టలన్నీ మెరిసి, చెక్కడం సందుల్లో నలుపు మిగిలిపోయి, ఆ నలుపువల్లే పువ్వూ ఆకూ ఉబికి కనిపిస్తాయే, అచ్చంగా అలా వున్నాయి. వారంక్రితం స్టీలు చెంచాల్లా చప్పగా వున్న అస్థిపంజరాలకి పక్కటెముకలొచ్చాయి, కంటిగుంటలొచ్చాయి, వెయ్యేళ్ళు మట్టిలో పడుకుని లేచిన నీరసం వచ్చింది. మనవడు వాటిని వరసగా పేర్చి ఎంతసేపు చూసుకున్నాడో! రాత్రి అన్నానికి మూడుసార్లు పిలిచాను.

ఆ శనివారం సాయంత్రం వాటిని వాళ్ళ ఆటల క్లబ్బుకి పట్టుకెళ్ళాం. అల్లుడు వూళ్ళో లేడు, అమ్మాయికి డ్యూటీ. చీరమీద కోటు తొడుక్కుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని నేనే తోడువెళ్ళాను. వాడు బల్లమీద సైన్యాన్ని దించగానే నలుగురు పిల్లలు మూగారు. అంతలో ఓ గడ్డంపెద్దమనిషి వంగి చూసి, "చాలా బాగున్నాయే, నీడలు ఎలా తెచ్చావు?" అని అడిగాడు. వాడు మహా గర్వంగా "డిప్పు" అన్నాడు. ఆయన నవ్వాడు. "ఓ, డిప్పా! అది మోసం కదోయ్!" అన్నాడు. అని వీపుమీద తట్టి వెళ్ళిపోయాడు. చెడ్డవాడనను. ఆయనకి అదో పరాచికం. రెండు నిమిషాల్లో మరిచిపోయి వుంటాడు.

మావాడు మరిచిపోలేదు. ఆట ఆడకుండానే సైన్యాన్ని పెట్టెలో సర్దాడు. బస్సులో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకోకుండా సీటుకింద పెట్టాడు. కాసేపటికి, "అయితే ఇవి నేను వేసినట్టు కాదా అమ్మమ్మా?" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ముంచినది ఎవరు?

మోసమంటే మోసపోయినవాడు ఒకడుండాలి. ఇక్కడెవడు? అడగ్గానే 'డిప్పు' అని చెప్పాడు పిల్లాడు. దాచలేదు, చేతితో గీశానని కోతలు కొయ్యలేదు. అది బొమ్మల అందాల పోటీ కాదు. అలాంటి పోటీలు వేరే వున్నాయి. కంపెనీవారే 1987 నుంచి గోల్డెన్ డీమన్ అని నడుపుతున్నారు. అక్కడికి ముంచిన బొమ్మ పట్టుకెళ్ళి బహుమతి ఇమ్మంటే నవ్వండి, నేనూ నవ్వుతాను. ఇది ఆట. ఆటకి కావలసింది సైన్యం.

అసలీ 'మోసం' ఎప్పుడు మోసమవుతుందో చూడండి. సందుల్లోకి జారి నీడలు తెచ్చే పల్చటి నీళ్ళరంగు అదే నాటింగ్‌హామ్ కంపెనీ చిన్నచిన్న సీసాల్లో అమ్ముతుంది. దాన్ని ఆ గడ్డం ఆయనా వాడతాడు, మా అల్లుడూ వాడతాడు. ఆటగాళ్ళు దాన్ని ముద్దుగా 'సీసాలో ప్రతిభ' అని పిలుస్తారట. 2019లో కాంట్రాస్ట్ అని ఇంకోరకం తెచ్చారు. తెల్లటి పునాదిమీద ఒక్కపూత పూస్తే రంగూ నీడా వెలుగూ ఒకేసారి వచ్చేస్తాయి. అది కొత్త విధానం, కొత్త యుగం! డబ్బాలో వుంటే మోసం, సీసాలో వుంటే ప్రతిభ. కుంచెతో పూస్తే కళ, పట్టకారుతో ముంచితే కక్కుర్తి. వడ్డాణం లాకర్లో దాచుకుంటే ఆస్తి, బియ్యండబ్బాలో దాచుకుంటే పిసినారితనం అన్నట్టుంది.

ముంచడంలో చేతిపని లేదన్నవాళ్ళు మా పోచంపల్లి రావాలి. అక్కడ నూలుకి లెక్కప్రకారం ముళ్ళు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ముళ్ళు మార్చి, మళ్ళీ ఇంకో రంగులో ముంచుతారు. ఆ చీర కట్టుకున్న ఆవిణ్ణి చూసి "ముంచారా? అయితే మోసమే" అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇక ఈ ఆట పెద్దల సంగతి. ఇలాంటి బొమ్మల యుద్ధానికి నియమాలు రాసి 1913లో 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేసినవాడు హెచ్. జి. వెల్స్ అంతటి రచయిత. మగపిల్లలకి పన్నెండో ఏటినుంచి నూటయాభయ్యో ఏటిదాకా పనికొస్తుందనీ, ఆడపిల్లల్లో కూడా కాస్త తెలివైనవాళ్ళుంటే ఆడుకోవచ్చనీ అట్టమీదే దయతలిచాడు మహానుభావుడు. ఆయన తన సైనికులకి రంగులు వేసుకున్నాడా? రంగులు వేసిన సీసపు బొమ్మల్ని దుకాణంలో కొనుక్కుని, స్ప్రింగు ఫిరంగిలో కర్రముక్కలు పెట్టి పేల్చి పడగొట్టుకున్నాడు. మరి ఆ బొమ్మలకి రంగులెవరు వేశారు? బ్రిటన్స్ అని, 1893 నుంచి బోలు సీసపు సైనికుల్ని పోతపోసిన కంపెనీ. అక్కడ వరసగా కూర్చుని ఎర్రకోటూ నల్లటోపీ వేసినవాళ్ళలో చాలామంది ఆడకూలీలు. ఒక్కో సైనికుడి మొహంలో కోపం తెప్పించే తీరిక వాళ్ళకి లేదు. రెండు చుక్కలు కళ్ళు, ఓ గీత మీసం, తర్వాతి బొమ్మ. ఆ బొమ్మలు ఇవాళ వేలంపాటల్లో అమ్ముడవుతాయి. తొందరగా చేశారు కాబట్టి మోసమని ఏ వేలంలోనూ అనలేదు.

ఈ 'మోసం' అన్న మాట నాకు కొత్తది కాదు. మా ఇంటికి మిక్సీ వచ్చిన కొత్తలో మా మావగారు నెల్లాళ్ళు పచ్చడి ముట్టుకోలేదు. "రోట్లో నూరిన రుచి దీనికెక్కడిది?" అనేవారు. నిజమే, రాదు. కానీ ఆయన పొత్రం పట్టుకున్న దాఖలా మా ఇంటి చరిత్రలో లేదు. పొడి కొనుక్కొచ్చి సాంబారు పెడితే మోసం, కుట్టుమిషను మీద అంచు కుడితే మోసం, స్టిక్కరు ముగ్గు అంటిస్తే మహామోసం. అడ్డదారి అని పేరు పెట్టేవాడు ఎప్పుడూ ఆ దారిన బరువు మోసినవాడు కాడు.

మా అల్లుడు అలాంటివాడు కాడు, తన బరువు తనే మోస్తాడు. అందుకే అతని వాదన విడిగా వినాలి. ఊరినుంచి రాగానే సంగతంతా తెలిసి, కొడుకుమీద కోప్పడలేదుగానీ నాతో అన్నాడు: "అలా కాదు అత్తయ్యగారూ. తేలిక దారి చూపిస్తే వాడు చెయ్యి తిరిగేదెప్పుడు? ఓపిక నేర్చుకోవద్దా?"

బాగానే వుంది. కానీ డిప్పు తేలికేగాని గుడ్డిది కాదు. గీత దాటిన రంగుని అది దాచదు. అచ్చులో రెండు సగాలూ కలిసినచోట బొమ్మమీద సన్నటి గట్టు మిగులుతుంది. దాన్ని ముందే గీకి తియ్యకపోతే వార్నిష్ వెళ్ళి సరిగ్గా దానిపక్కనే చేరి, నల్లగీత గీసి నలుగురికీ చూపిస్తుంది. తప్పుల్ని కప్పిపెట్టదు, చాటింపు వేస్తుంది. మొదటి ఐదింట్లో వాడు ఆ గట్లు వదిలేశాడు. ఆరో బొమ్మనించి మిగిలినవన్నీ ముందే గీకాడు. ఎవరూ చెప్పలేదు. డబ్బానే చెప్పింది. నలభై బొమ్మలు వరసగా చేసిన చెయ్యి తిరగదా? మూడేళ్ళు మంచంమీద కూర్చుని తండ్రి వీపు చూసిన చెయ్యి తిరుగుతుందా?

డిప్పుకి చేతకానివి లేకపోలేదు, ఒప్పుకుంటాను. ముడతలూ బొచ్చూ ఎముకలూ గొలుసు కవచాలూ వున్న బొమ్మకి అది అమృతం. నున్నటి కవచానికీ, వెడల్పాటి అంగీకీ, బండికీ అది బురద. మరకలు మరకలుగా ఆరుతుంది. తెల్లటిదాన్ని మాసినగుడ్డ చేస్తుంది. మా అల్లుడి నీలం సైనికుల్ని ముంచమని నేను ఛస్తే చెప్పను. వాళ్ళ కవచాలు నున్నన. ఆ అంచుల గీతలు గీసుకోవలసిందే, అవి అతను గీస్తేనే అందం. ఆదివారంపూట ఒక మొహంతో మూడుగంటలు గడపడం అతనికి విశ్రాంతి. ఆఫీసులో వారమంతా ఎవరి మొహాలో చూసి వచ్చినవాడికి తను దిద్దిన మొహం చూసుకోవడం అవసరం కూడాను. తన విశ్రాంతిని ఇంకొకడికి పరీక్షగా పెట్టడమే నాకు నచ్చలేదు.

నా దగ్గరో బల్లగుడ్డ వుంది. పెళ్ళికిముందు మొదలుపెట్టాను. నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు. పురిలో ఒక్కో కన్నుకి నాలుగు రంగుల దారం. మా పిన్ని "మధ్యలో అద్దకం వేయించి అంచు మాత్రం కుట్టవే, పండక్కి పరుచుకుందాం" అంటే నేను ఒంటికాలిమీద లేచాను. మొత్తం సూదిపనే వుండాలన్నాను. ఇప్పుడు మా పిన్ని లేదు. రెండు నెమళ్ళయ్యాయి, మూడోదానికి కాళ్ళు లేవు. ఆ గుడ్డమీద ఇంతవరకూ ఎవరూ ఓ కాఫీగ్లాసు పెట్టలేదు. ఇది అల్లుడికి చెప్పాను. అతనేమీ అనలేదు. "నాలుగోది?" అని అడిగాడు మా అమ్మాయి పక్కనుంచి. "పెన్సిలు గీతలో వుంది" అన్నాను.

పద్నాలుగేళ్ళ లెక్క కూడా కాగితంమీద వేసి చూపించాను. దాన్ని మాత్రం రెండుసార్లు చదివాడు. వాడికి అప్పుడు పన్నెండు. ఆ ఏడు వాడి గొంతు మారుతోంది. నాన్నతో ఆడుకుందామని సాయంత్రాలు కాచుక్కూచునే వయసు ఇంకెన్నాళ్ళుంటుందో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పాలా?

నేను బయల్దేరే ముందు ఆదివారం, భోజనాలయ్యాక, కిటికీ దగ్గర దీపం వెలగలేదు. పెరట్లోంచి వార్నిష్ వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే తండ్రీకొడుకులు అట్టపెట్టెకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. అటకమీది పచ్చ రాక్షసులు ముప్పైమంది, కండలకి పచ్చరంగూ గుడ్డలకి గోధుమరంగూ పైపైన వేసుకుని, వరసలో నిలబడి వున్నారు. "విదిలించేటప్పుడు అమ్మమ్మవైపు విదిలించకు నాన్నా" అంటున్నాడు మనవడు. అల్లుడు నన్ను చూసి కాస్త సిగ్గుపడి, "వీళ్ళకి పరవాలేదండీ, బోలెడు ముడతలు" అన్నాడు.

నీలం కవచాల సేనాపతి మాత్రం లోపల భూతద్దంకిందే వున్నాడు. ఇంకా కనుబొమలు పెట్టాలట.